మీకు తెలుసా? ఇమ్యునోథెరపీలో నోటిపూత ‘వేడి’ కాదు

నోరు పూసిందంటే మన ఇళ్లలో ముందుగా వచ్చే మాట ‘వేడి చేసింది’. ఆ వెంటనే మజ్జిగ, సబ్జా నీళ్లు, ఒక బి-కాంప్లెక్స్ మాత్ర. మామూలు పూత వారం పది రోజుల్లో దానంతటదే మానుతుంది కాబట్టి ఆ వైద్యం ఫలించినట్టే కనిపిస్తుంది. ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్‌కు ఇమ్యునోథెరపీ నడుస్తుంటే మాత్రం నోటిపూతను, నోరు ఎండిపోవడాన్ని అంత తేలిగ్గా తీసుకోకూడదు. తొందరగా డాక్టరు చెవిన వేస్తే వీటిలో చాలావరకు పుక్కిలించే మందులతో, పైపూతలతో సర్దుకుంటాయి. దాచుకుంటేనే ముదురుతాయి. ఈ విషయం మీద తెలుగులో రాసింది తక్కువ, రోగుల ఇళ్లకు చేరింది ఇంకా తక్కువ. అందుకే ఈ సంగతులు.

• ఇమ్యునోథెరపీలో నోటిని పుండు చేసేది మందు కాదు, మన రక్షక కణాలే.

మన ఒంట్లో టి-కణాలు అనే తెల్లరక్తకణాలు ఉంటాయి. సూక్ష్మజీవులను, దారి తప్పిన కణాలను పట్టుకుని చంపడం వాటి పని. అవి హద్దు మీరి సొంత ఒంటి మీద పడకుండా వాటి పైన పీడీ-1, సీటీఎల్‌ఏ-4 వంటి నియంత్రణ ప్రోటీన్లు ఉంటాయి. క్యాన్సర్ గడ్డలు చాలాసార్లు ఈ ఏర్పాటునే వాడుకుని టి-కణాలను చల్లబరుస్తాయి. నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్, ఇపిలిముమాబ్ వంటి మందులు ఆ నియంత్రణను తొలగిస్తాయి. టి-కణాలు మళ్లీ గడ్డ మీదికి వెళతాయి. వాటిలో కొన్ని గడ్డతో ఆగకుండా చర్మం మీదికి, పేగుల మీదికి, థైరాయిడ్ మీదికి, నోటిలోని మెత్తటి పొర మీదికి, లాలాజల గ్రంథుల మీదికి కూడా వెళతాయి. నోట్లో కనిపించే చాలా ఇబ్బందులకు మూలం ఇదే.

• కీమో పూత వేరు, ఇమ్యునోథెరపీ పూత వేరు.

కీమో మందులు వేగంగా పెరిగే కణాలన్నిటినీ దెబ్బతీస్తాయి. నోటి లోపలి పొర అలా వేగంగా పెరిగేదే. అందుకే కీమో ఎక్కించిన వారం పది రోజుల్లో నోరు పూస్తుంది, రక్తకణాలు కోలుకునే వేళకు మానుతుంది. ఇమ్యునోథెరపీ పూతకు ఈ లెక్క లేదు. మొదలుపెట్టిన కొన్ని వారాలకు రావచ్చు, కొన్ని నెలలకు రావచ్చు. మందు ఆపేసిన తర్వాత కూడా రావచ్చు. నివోలుమాబ్ రక్తంలో సగానికి తగ్గడానికే సుమారు 25 రోజులు పడుతుంది. అది తట్టిలేపిన టి-కణాలు అంతకంటే ఎక్కువ కాలం చురుగ్గా ఉంటాయి. ‘ఇంజెక్షన్లు ఆపేసి మూడు నెలలైంది, ఇంకా దాని ప్రభావం ఎందుకుంటుంది’ అని అనుకోవడానికి లేదు.

కొన్ని రకాల కీమో ఎక్కించేటప్పుడు ఐసు ముక్కలు చప్పరించమంటారు. చల్లదనానికి నోటి రక్తనాళాలు ముడుచుకుని, మందు ఆ పొరకు తక్కువగా చేరుతుంది. ఇమ్యునోథెరపీలో ఈ ఉపాయానికి ఆధారం లేదు. ఇక్కడ పొరను చెడగొడుతున్నది ఆ గంటలో పారే మందు కాదు కదా.

• ఈ మందులకు బాట వేసిన శాస్త్రవేత్త ఒకరు మౌత్ ఆర్గాన్ వాయిస్తారు.

జపాన్‌లోని క్యోటోలో తసుకు హోంజో బృందం పీడీ-1ను 1992లో కనిపెట్టింది. సీటీఎల్‌ఏ-4ను అడ్డుకుంటే ఎలుకల్లో గడ్డలు కరుగుతాయని అమెరికాలో జేమ్స్ అలిసన్ 1990లలో చూపించారు. ఇపిలిముమాబ్‌కు అమెరికాలో 2011లో అనుమతి వచ్చింది. నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ 2014లో వచ్చాయి. 2018 వైద్య నోబెల్‌ను హోంజో, అలిసన్ పంచుకున్నారు. అలిసన్ చిన్నవయసులోనే తల్లిని క్యాన్సర్‌కు పోగొట్టుకున్నారు. రోగనిరోధక శాస్త్రవేత్తలతో కూడిన బ్లూస్ సంగీత బృందం ‘ది చెక్‌పాయింట్స్’లో మౌత్ ఆర్గాన్ ఆయనదే.

• అన్నిటికంటే ఎక్కువగా వినిపించే ఫిర్యాదు పుండు గురించి కాదు, నోరు ఎండిపోవడం గురించి.

ఈ మందులు తీసుకునేవారిలో వందకు ఐదారుగురు నోరు ఆరిపోతోందని చెబుతారు. తక్కువే అనిపించవచ్చు. కానీ ఆ ఐదారుగురి బాధ చిన్నది కాదు. ఆరోగ్యవంతుడి నోట్లో రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుంది. అన్నం ముద్ద కట్టేది, మింగుడుపడేది, రుచి తెలిసేది దానివల్లే. పళ్ల మీది ఆమ్లాన్ని విరిచేదీ, పంటి పైపొరకు కాల్షియం, ఫాస్ఫేట్ అందించేదీ అదే. అది ఆగిపోతే పొడిగా ఉన్న ఇడ్లీ కూడా గొంతు దిగదు. రాత్రి నాలుక అంగిలికి అతుక్కుని మెలకువ వస్తుంది. ఫోనులో నాలుగు మాటలు మాట్లాడాలన్నా పక్కన నీళ్లు ఉండాలి.

ఇలా నోరు ఎండడం చాలామందిలో నెమ్మదిగా రాదు. మందు మొదలైన మొదటి మూడు నెలల్లో ఉన్నట్టుండి మొదలవుతుంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు 2019లో ఇలాంటి 20 మంది లాలాజల గ్రంథులను పరీక్షించారు. నోరు, కళ్లు ఎండిపోయే షోగ్రెన్ జబ్బులో గ్రంథిలో బి-కణాలు కూడా గుంపులు కడతాయి. ఈ రోగుల గ్రంథుల్లో మాత్రం ప్రధానంగా టి-కణాలే కనిపించాయి. షోగ్రెన్ రోగుల్లో ఎక్కువమంది ఆడవాళ్లు. ఇమ్యునోథెరపీ వల్ల నోరు ఎండడంలో ఆడా మగా తేడా అంతగా లేదు. మామూలు షోగ్రెన్‌కు చేసే రక్తపరీక్ష ఇక్కడ చాలామందిలో ఏమీ చూపించదు. రిపోర్టు బాగుందని రోగి బాధ అబద్ధం కాదు.

గ్రంథిలో ఇంకా కాస్త శక్తి మిగిలి ఉంటే లాలాజలం ఊరించే పైలోకార్పిన్ వంటి మాత్రలు పనికొస్తాయి. ఉబ్బసం అదుపులో లేనివారికి, కొన్ని రకాల గ్లకోమా ఉన్నవారికి అది పడదు కాబట్టి డాక్టరు రాస్తేనే వాడాలి. గుక్కెడు గుక్కెడుగా నీళ్లు, చక్కెర లేని చూయింగ్ గమ్, కృత్రిమ లాలాజలపు స్ప్రే, పడకగదిలో గాలి మరీ పొడిబారకుండా చూసుకోవడం ఉపశమనాన్నిస్తాయి. నోరు ఎండుతోందని రోజంతా చప్పరింపు బిళ్లలు, నిమ్మ షోడాలు పట్టుకుంటే పళ్లు కొన్ని నెలల్లోనే పుచ్చిపోతాయి. ఈ దశలో ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న పేస్టును దంతవైద్యులు రాస్తారు. నల్గొండ ఫ్లోరైడ్ కథ తెలిసిన మనకు ఆ పేరు వింటేనే గుబులు పుడుతుంది. అక్కడి ఎముకల జబ్బు ఏళ్ల తరబడి తాగునీటితో లోపలికి వెళ్లిన ఫ్లోరైడ్ చేసింది. పేస్టు పంటికి పూసి ఉమ్మేసేది. చెప్పినట్టు వాడితే భయం లేదు.

• నోరు ఎండడంతో పాటు దాహం తీరక, మాటిమాటికీ మూత్రం వస్తుంటే అదే రోజు షుగర్ పరీక్ష చేయించాలి.

అరుదుగా, సుమారు వందలో ఒకరికి, టి-కణాలు క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలనే చంపేస్తాయి. అంతకుముందు మధుమేహం లేనివారికి కూడా కొద్ది రోజుల్లోనే చక్కెర ప్రమాదకరంగా పెరిగిపోతుంది. వాంతులు, ఆయాసం, మగత మొదలైతే ఇక ఆస్పత్రి తప్ప వేరే దారి లేదు. ఈ వ్యాసంలో ఒక్క సంగతే గుర్తుంచుకుంటానంటే నేను చెప్పేది ఇదే.

• బుగ్గ లోపల ముగ్గు గీతల్లాంటి తెల్లని చారలు కనిపిస్తే దాని పేరు లైకెనాయిడ్ ప్రతిచర్య.

టి-కణాలు నోటి పొర అడుగున బారులు తీరి, పొరలోని కణాలను కింది నుంచి తినేస్తుంటే పైకి ఇలా కనిపిస్తుంది. బుగ్గల లోపల, నాలుక పక్కల, చిగుళ్ల మీద అల్లుకున్న తెల్లని గీతలు, మధ్యలో ఎర్రటి మచ్చలు, కొందరిలో పుండ్లు. కొందరికి నొప్పే ఉండదు, అద్దంలో చూసుకుని కంగారుపడతారు. కొందరికి పచ్చడి మెతుకు తగిలితే కళ్లల్లో నీళ్లు వస్తాయి. స్టిరాయిడ్ పైపూత, డెక్సామెథసోన్ కలిపిన ద్రావణాన్ని పుక్కిలించి ఉమ్మడం దీనికి మొదటి వైద్యం. చాలామందికి ఇది సరిపోతుంది, క్యాన్సర్ మందు ఆపనక్కర్లేదు.

• నోట్లో తెల్లగా ఉన్నదంతా ఒకటే జబ్బు కాదు.

గుడ్డతో మెల్లగా తుడిస్తే ఊడివచ్చే తెలుపు చాలావరకు క్యాండిడా అనే శిలీంధ్రం. లాలాజలం తగ్గినా, స్టిరాయిడ్లు వాడినా అది పెరుగుతుంది. నిస్టాటిన్, క్లోట్రిమజోల్ వంటి మందులకు తగ్గుతుంది. తుడిచినా పోని గీతలు లైకెనాయిడ్ కావచ్చు. తుడిచినా పోని మందపాటి మచ్చ పొగాకు వల్ల వచ్చిన ల్యూకోప్లేకియా కావచ్చు, కొన్నిసార్లు అది క్యాన్సర్‌కు ముందు మెట్టు.

మన ప్రాంతానికి ఈ తేడా మరీ ముఖ్యం. శ్రీకాకుళం, విశాఖ తీర గ్రామాల్లో చుట్ట వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ అలవాటు, ముఖ్యంగా ఆడవాళ్లలో, తరతరాలుగా ఉంది. డెన్మార్క్‌కు చెందిన పిండ్‌బోర్గ్, మన దేశ పరిశోధకులు కలిసి ఆంధ్రప్రదేశ్‌లో 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించి, ఈ పొగ అంగిలికి చేసే హాని గురించి 1971లో ప్రచురించారు. ఇలాంటి అలవాటున్నవారికి, గుట్కా, ఖైనీ నమిలినవారికి చికిత్సకు ముందే నోట్లో మచ్చలు ఉండవచ్చు. అందుకే మొదటి ఇంజెక్షన్‌కు ముందే దంతవైద్యుడి చేత నోరంతా చూపించుకుని, వెలుతురులో ఫోనుతో నాలుగు ఫోటోలు తీసి పెట్టుకోవాలి. ఏది పాతదో, ఏది కొత్తదో తర్వాత ఆ ఫోటోలే చెబుతాయి.

• చిగుళ్ల మీది పొర ఊడిపోతుంటే అది పయోరియా అనుకుని వదిలేయకూడదు.

పెమ్ఫిగాయిడ్ అనే జబ్బులో రక్షణ వ్యవస్థ తయారుచేసిన యాంటీబాడీలు పైపొరను అడుగు పొరకు అతికించే ప్రోటీన్ల మీద పడతాయి. నీటి బుడగలు లేచి చిట్లుతాయి, చిగుళ్లు ఎర్రబడి పొరలు పొరలుగా ఊడతాయి. ఇది ఇమ్యునోథెరపీ మొదలైన చాలా నెలలకు కూడా రాగలదు. కళ్లలో మచ్చ కట్టే రకం కూడా ఉంది కాబట్టి కంటి వైద్యుడికీ చూపించాలి. నిర్ధారణకు చిన్న ముక్క తీస్తారు. ఆ ముక్కను పుండు మధ్య నుంచి కాక పక్కనున్న బాగున్న చోటు నుంచి తీయాలి. యాంటీబాడీలను వెతికే పరీక్షకు పంపే ముక్కను ఫార్మలిన్‌లో వేస్తే పాడైపోతుంది, దానికి వేరే ద్రావణం ఉంటుంది. ఇది వైద్యులు చూసుకునే పనే. అయినా ఇంటివాళ్లు ఒకసారి గుర్తుచేస్తే రెండోసారి ముక్క తీసే బాధ తప్పవచ్చు.

• నాలుగు ముద్దలు నమిలేసరికి దవడ అలసిపోతే అది పంటి సమస్య కాకపోవచ్చు.

మాట ముద్దగా రావడం, నీళ్లు ముక్కులోకి వెళ్లడం, కనురెప్పలు వాలిపోవడం, ఒకటి రెండుగా కనిపించడం దానికి తోడైతే మయస్థీనియా అనే నరాల, కండరాల జబ్బును అనుమానించాలి. చాలా అరుదు. కానీ ఊపిరి కండరాలకు పాకుతుంది, కొందరిలో గుండె కండరం వాపుతో కలిసి వస్తుంది. రేపటిదాకా ఆగకూడదు. అలాగే పెదవులు, నోరు పచ్చిపుండై, కళ్లు ఎర్రబడి, ఒంటి మీద చర్మం కమిలినట్టు లేస్తుంటే అది స్టీవెన్స్-జాన్సన్ అనే తీవ్రమైన ప్రతిచర్య కావచ్చు. దానికీ నేరుగా అత్యవసర విభాగమే.

• ఒక కొత్త మందు నాలుక మీద కూడా పనిచేస్తుంది.

మల్టిపుల్ మైలోమా అనే మజ్జ క్యాన్సర్‌కు అమెరికాలో 2023 ఆగస్టులో అనుమతి పొందిన టాల్క్వెటమాబ్ ఇంకో రకం ఇమ్యునోథెరపీ. ఒక చేత్తో క్యాన్సర్ కణం మీది జీపీఆర్‌సీ5డీ ప్రోటీన్‌ను, ఇంకో చేత్తో టి-కణాన్ని పట్టుకుని రెండింటినీ దగ్గరకు లాగుతుంది. చిక్కేమిటంటే ఆ ప్రోటీన్ గోళ్లలో, వెంట్రుకల మొదళ్లలో, నాలుక మీది సన్నటి బొడిపెల్లో కూడా ఉంటుంది. ప్రయోగాల్లో పాల్గొన్నవారిలో 80 శాతం మందికి నోటి ఇబ్బందులు వచ్చాయి. రుచి మారిపోవడం వాటిలో ముందుంది. అన్నం సహించక బరువు తగ్గినవారు చాలామంది. తీవ్రమైనవి మాత్రం కొద్దిగానే. మందు మోతాదు తగ్గించినా, రెండు మోతాదుల మధ్య ఎడం పెంచినా రుచి తిరిగి రావచ్చు.

పీడీ-1ను అడ్డుకునే నివోలుమాబ్ వంటి మందుల్లో రుచి పోవడం దీనికంటే బాగా తక్కువ. ఇనుము చప్పరించినట్టు ఉంటే స్టీలు చెంచా బదులు ప్లాస్టిక్‌ది వాడి, తినేముందు నోరు పుక్కిలించి చూడవచ్చు.

• నోటి క్యాన్సర్‌కు వాడే మందే నోటికి ఇబ్బంది తెచ్చినప్పుడు కారణం తేల్చడం కష్టం.

ముంబైలోని టాటా మెమోరియల్ వైద్యులు తల, మెడ క్యాన్సర్ ముదిరిన 151 మంది మీద ఒక ప్రయోగం చేశారు. తక్కువ మోతాదులో వాడే మాత్రలకు, మూడు వారాలకోసారి కేవలం 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్ కలిపారు. మామూలు మోతాదు రెండు వారాలకు 240 మిల్లీగ్రాములు. మాత్రలు మాత్రమే వాడినవారిలో ఏడాది తర్వాత బతికున్నవారు 16.3 శాతం, నివోలుమాబ్ కలిపినవారిలో 43.4 శాతం. లక్షలు పోయలేని మన దేశానికి ఇది పెద్ద మాట. ఆ ఫలితం గురించి ఎంత చెప్పినా తక్కువేనని నాకు అనిపిస్తుంది. అయితే ఆ మాత్రల్లో ఉన్న మెథోట్రెక్సేట్, ఎర్లోటినిబ్ రెండూ నోరు పూసే గుణం ఉన్నవే. పూత వచ్చినప్పుడు ఏది చేసిందో విడదీయకుండా నివోలుమాబ్‌ను దోషిగా నిలబెట్టకూడదు.

హైదరాబాద్ కేంద్రంగా ఉన్న డాక్టర్ రెడ్డీస్ 2024లో మన దేశానికి తెచ్చిన టోరిపాలిమాబ్ కూడా పీడీ-1 మందే. ముక్కు వెనక, గొంతు పైభాగంలో వచ్చే క్యాన్సర్‌కు దాన్ని వాడతారు. అక్కడ చాలామందికి అప్పటికే రేడియేషన్ అయి ఉంటుంది, లాలాజల గ్రంథులు దానివల్లే దెబ్బతిని ఉంటాయి.

• మామూలుగా రాసే యాంటీబయాటిక్ ఇక్కడ మేలు కంటే కీడు చేయవచ్చు.

నోట్లో ఎర్రగా ఉందనగానే ఒక కోర్సు రాసే అలవాటు మన దగ్గర గట్టిగా పాతుకుపోయింది. లైకెనాయిడ్ ఇన్ఫెక్షన్ కాదు, దానికి ఆ మందు పనిచేయదు. పైగా ఇమ్యునోథెరపీ మొదలయ్యే రోజుల చుట్టుపక్కల యాంటీబయాటిక్‌లు వాడినవారికి క్యాన్సర్ మందు తక్కువగా పట్టిందని పలు పరిశీలనల్లో తేలింది. పేగుల్లోని మేలుచేసే సూక్ష్మజీవులకూ ఈ మందుల పనితీరుకూ సంబంధం ఉందని 2018లో వచ్చిన పరిశోధనలు చూపించాయి. చీము పట్టిన పంటికి వాడాల్సిందే. అవసరం లేని చోట మాత్రం వద్దు.

• పన్ను తీయించుకునే ముందు ఎముకల ఇంజెక్షన్ సంగతి చెప్పాలి.

పీడీ-1 మందులు ఒక్కటే వాడుతుంటే కీమోలో లాగా రక్తకణాలు సాధారణంగా పడిపోవు. క్యాన్సర్ ఎముకలకు పాకినవారికి మాత్రం జోలెడ్రోనిక్ యాసిడ్ లేదా డెనోసుమాబ్ కూడా ఇస్తుంటారు. అవి వాడేవారిలో పన్ను తీసిన చోట దవడ ఎముక మానకుండా చచ్చుబడే ప్రమాదం ఉంది. పుచ్చిన పళ్ల పని చికిత్సకు ముందే ముగించుకోవడం మంచిది. దంతవైద్యుడి దగ్గర ‘కీమో నడుస్తోంది’ అని ఊరుకోకుండా మందుల పేర్లున్న డిశ్చార్జి కాగితం చేతిలో పెట్టండి.

• వంటింట్లో చేయగలిగింది చాలా ఉంది.

లీటరు గోరువెచ్చని నీళ్లలో చెంచా ఉప్పు, చెంచా వంటసోడా కలిపి రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించి ఉమ్మాలి. ఆల్కహాలు ఉన్న మౌత్‌వాష్ వాడకూడదు. మెత్తటి బ్రష్షు, నురగ తక్కువగా వచ్చే ఎస్‌ఎల్‌ఎస్ లేని పేస్టు తెచ్చుకోవాలి. ఆవకాయ, గోంగూర, చింతపండు పులుసు, అప్పడాలు, పొగలు కక్కే కాఫీ కొన్నాళ్లు పక్కన పెట్టాలి. మెత్తగా కలిపిన పెరుగన్నం, ముద్దపప్పు నెయ్యి, చల్లారిన రాగిజావ, బాగా నానిన అటుకులు, ఉడికించి మెదిపిన గుడ్డు దిగుతాయి. బలం తగ్గకుండా ఉంటుంది. పుండు మీద పటిక, తేనె-నిమ్మరసం, లవంగ నూనె రాసే ప్రయత్నాలు వద్దు, పచ్చిపొర ఇంకా కమిలిపోతుంది. వక్క వేసిన కిళ్లీ అసలే వద్దు.

• దుష్ప్రభావం వచ్చిందంటే మందు పనిచేస్తోందని అర్థమా?

ఇలాంటి ఇబ్బందులు వచ్చినవారిలో మందు బాగా పట్టినట్టు కొన్ని పరిశీలనల్లో కనిపించింది. కానీ ఒక్క మనిషి విషయంలో దాన్నిబట్టి జోస్యం చెప్పలేం. నోరు పూయలేదని దిగులు పడనక్కర్లేదు, పూసిందని ఓర్చుకుంటూ కూర్చోనక్కర్లేదు.

• నోటి ఇబ్బంది చెప్పినంత మాత్రాన ఇమ్యునోథెరపీ ఆపేయరు.

చాలామంది దాచుకునేది ఈ భయంతోనే. అప్పు చేసి మొదలుపెట్టిన మందు, గడ్డ కరుగుతోందని స్కాన్‌లో తెలిసిన మందు, చిన్న పుండు పేరు చెబితే ఆగిపోతుందేమోనని. డాక్టర్లు ఈ ఇబ్బందులను తీవ్రతను బట్టి అంచెలుగా లెక్కిస్తారు. మొదటి అంచెలో, చాలాసార్లు రెండో అంచెలో కూడా, పైపూతలతో వైద్యం చేస్తూ మందు కొనసాగిస్తారు. తిండి దిగనంత నొప్పి ఉంటే కొన్నాళ్లు ఆపి, స్టిరాయిడ్ మాత్రలిచ్చి, తగ్గాక మళ్లీ మొదలుపెట్టే వీలుంటుంది. ప్రాణాపాయం ఉన్న అరుదైన సందర్భాల్లోనే పూర్తిగా మానేస్తారు. తొలి అంచెలో చెప్పకపోతే మూడో అంచెలో ఎలాగూ చెప్పక తప్పదు, అప్పుడు మందు నిజంగానే ఆగుతుంది.

కాబట్టి ప్రతి ఇంజెక్షన్‌కు ముందు నర్సు కుశలం అడిగినప్పుడు ‘బాగానే ఉంది’ అని దాటేయకండి. నోరు ఎండుతోందా, ఏది తింటే మండుతోంది, ఎన్నాళ్ల నుంచి, ఎంత బరువు తగ్గారు, ఈ నాలుగూ చెప్పండి. నోరు తెరిచి చూడమని మీరే అడగండి.